మూఢం పోయేదాకా

ముహూర్తం పదకొండూ నలభై ఎనిమిదికి. అంతకు ఒక్క నిమిషం ముందు కూడా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని సూపరింటెండెంట్ మురళీమోహన్ పొద్దున్నే హెచ్చరించి పోయాడు. అందుకని స్టాఫ్ నర్సు స్వర్ణలత, గోడ గడియారం పదకొండు చూపిస్తుంటే, పసిపిల్లల వార్డులో ఇత్తడి పళ్ళెం పట్టుకుని తోడిపెళ్ళికూతురిలా నిలబడి ఉంది. పళ్ళెంలో కొత్త కత్తెర, కుంకుమ భరిణె, కొబ్బరికాయ, రెండు అరటిపళ్ళు. ఎదురుగా మిషన్. దాని నడుముకు ఎర్ర రిబ్బను, మెడ అనుకోదగ్గ చోట బంతిపూల దండ, అంకెలు కనపడాల్సిన తెర మీద పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు. పుట్టగానే ఊపిరాడని పిల్లలకు ఊపిరి నిలబెట్టే మిషన్ అది. దానికి నాలుగడుగుల అవతల, వెచ్చదనమిచ్చే దీపం కింద, పొద్దున తొమ్మిదిన్నరకు పుట్టిన ఆడపిల్ల మూలుగుతోంది. ఊఁ. కాస్త ఆగి, ఊఁ. కిలో రెండువందల నలభై గ్రాముల మనిషి. ఏడో నెల నిండి ఇంకా వారం కాలేదు. ఊపిరాడని పిల్ల ఒకవైపు, ఊపిరిచ్చే మిషన్ ఒకవైపు, మధ్యలో పళ్ళెం పట్టుకుని తను. ఎంత చక్కగా నిలబెట్టారు నన్ను, అనుకుంది స్వర్ణలత. ఫొటోలో బాగా వస్తాను.

ఆ మూలుగు పెద్దదేం కాదు, తలుపు దాటి కూడా పోదు. తెలియనివాళ్ళకు ముద్దుగా కూడా ఉంటుంది. పదహారేళ్ళ నౌకరీలో స్వర్ణలత చెవి దానికి అలవాటు పడింది. అలవాటు పడటమంటే భయం పోవడం కాదు, ఎంత సందట్లో ఉన్నా వినపడటం. వదిలిన ప్రతి ఊపిరికీ లోపల ఊపిరితిత్తి మూసుకుపోతుంటే, మూసుకోనియ్యకుండా గొంతు బిగపట్టి ఆపుకునే ప్రయత్నం అది. ఎవరు నేర్పారు దానికి? గంటన్నర వయసు, ఇంకా కళ్ళు కూడా సరిగా తెరవలేదు, తన పాట్లేవో తనే పడుతోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. పాదానికి చుట్టిన వైరు ఒంట్లో ఆక్సిజన్ ఎనభై ఆరు చూపిస్తోంది, తొంభై ఉండాలి, ఎనభై అయిదు, మళ్ళీ ఎనభై ఆరు. తల మీద బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాలోకి ఆక్సిజన్ పోతూనే ఉంది. ఉత్త ఆక్సిజన్ కాదు దీనికి కావలసింది, లోపల గాలి నిలవడం. పిల్లల డాక్టరు దయాకర్, రిబ్బను కత్తిరించడానికి వచ్చే నాయకుడి కోసం, గేటు దగ్గర పూలగుచ్ఛం పట్టుకుని ఉన్నాడు, ఉండమన్నారు గనుక ఉన్నాడు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తాడు. "డబ్బల ఆక్సిజన్ జర పెంచండి సిస్టర్. సార్ చౌటుప్పల్ దాటిండట. గంటల ఫంక్షన్ అయిపోతది, అయిపోంగనే మిషిన్ పెట్టేద్దాం." గంట. ఆయనకు గంటంటే గంటే. పుట్టి గంటన్నరైన పిల్లకు ఇంకో గంటంటే ఎంతో ఆయన ఆలోచించలేదు, చదువుకున్నాడు గానీ.

ఇంతకూ ఇందులో ఉన్న విద్య ఎంతని. డాక్టర్ రోజారమణి ఉన్న రోజుల్లో ఈ వార్డులో మిషనే లేదు. ఒక గొట్టం, ఒక గాజు సీసా, సీసా నిండా నీళ్ళు, సీసాకు అంటించిన ప్లాస్టరు మీద పెన్నుతో గీసిన గీతలు. పిల్ల ముక్కులోకి గాలి పంపించి, బయటికొచ్చే గొట్టం కొసను నీళ్ళల్లో అయిదు సెంటీమీటర్ల లోతుకు ముంచేది ఆమె. అంత లోతు నీళ్ళను నెట్టుకుని రావాలి గనుక గాలి అంతా ఒక్కసారే బయటికి పోదు, కొంత లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తి మూసుకోదు. "కిరాణ దుకాన్ల ఇచ్చే కవరు తడిసి అతుక్కుంటది చూసిన్రా సిస్టర్? ఒక్కసారి అతుక్కున్నంక విప్పుడు ఎంత కష్టం? ఈ పిల్లల ఊపిరితిత్తులు గంతే. అతుక్కోకుంట జరంత గాలి లోపల ఆపిన్రనుకో, కడమ పని వాళ్ళే చేసుకుంటరు" అనేది. బుడగలు వస్తున్నంతసేపూ ఫికర్ లేదు, బుడగలు ఆగితే ఉరుకున్రి, అంతే ఆమె పాఠం. పాలిటెక్నిక్ చదివినవాడు చేయగల పని, పదో తరగతి పిల్ల కూడా చేయగల పని. ఆ సీసాల మీద బతికిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు, జ్వరమొచ్చి ఓపీకి తీసుకొస్తే సూది వద్దని స్వర్ణలత చేతిని కరుస్తున్నారు. రోజారమణిని ఎక్కడికో బదిలీ చేశారు. బదిలీ చేసిన ఆరు నెలలకు కొత్త మిషన్ మంజూరైందన్నారు, పైనుంచి తనిఖీకి వస్తారన్నారు, మురళీమోహన్ వార్డంతా తిరిగి సీసాల దగ్గర ఆగి, "ఇది దవాఖాననా, సోడా బండా? తీసెయ్యండి ఇవన్నీ" అన్నాడు. అందరూ నవ్వారు. స్వర్ణలతా నవ్వింది. నవ్వి, తన చేతులతోనే ఆ ఆరు సీసాలనూ, గొట్టాలనూ, చిన్న ముక్కులకు సరిపోయే ముక్కుగొట్టాలనూ, రోజారమణి చేతిరాత ఉన్న ప్లాస్టర్లతో సహా దవాఖాన చెత్త పారేసే పసుపు సంచిలో వేసి మూతి కట్టింది. ఇప్పుడు సీసా దొరుకుతుంది, నీళ్ళు దొరుకుతాయి, ఈ పిల్ల ముక్కుకు పట్టే గొట్టాలు మాత్రం దవాఖాన మొత్తం మీద ఒక్క చోటే ఉన్నాయి, రిబ్బను కట్టిన మిషన్ పక్కపెట్టెలో.

మిషన్ వచ్చిన రోజు బాగా గుర్తుంది. ఉగాది వెళ్ళిన తర్వాత, ఎండలు ముదురుతున్నప్పుడు. కంపెనీ అతను రబ్బరు బొమ్మ తెచ్చి, దానికి టోపీ కట్టి, ముక్కుకు గొట్టం పెట్టి రెండు గంటలు నేర్పించాడు. రోజారమణి సీసా చేసే పనే ఇదీ చేస్తుంది, కాకపోతే గాలి తనే పీల్చుకుంటుంది, తనే వెచ్చబరుస్తుంది, తనే లెక్క చూపిస్తుంది. పట్నంలో పెద్ద దవాఖానల మిషన్ల ముందు ఇది చాలా చవకని, మీవంటి దవాఖానల కోసమే చేసిందని గొప్పగా చెప్పాడు. చవక గనుకే మన దాకా వచ్చింది అని అప్పుడు నవ్వుకుంది స్వర్ణలత. ఆ చవకదాన్ని కూడా అందనంత ప్రియం చేసే తెలివి మన దగ్గరుందని అతనికేం తెలుసు. మరుసటి రోజు మీటింగు. ప్రారంభోత్సవం ఎప్పుడు పెట్టుకుందాం, ఎవరిని పిలుద్దాం, చాయ్ ఎవరు, ఫ్లెక్సీలు ఎవరు. మురళీమోహన్ ఒక తారీకు అన్నాడు. అప్పుడు, బిస్కెట్టు చాయలో ముంచుకుంటూ, ఎవరూ అడగకపోయినా, స్వర్ణలతే అంది: "గిప్పుడు మూఢం నడుస్తాంది కద సార్. మూఢంల ఏం సురువు చేస్తం?" అంతే. అంత మాటే. మురళీమోహన్ ముఖం వెలిగింది. పెద్ద నాయకుడి తారీకు దొరకడం లేదని ఆయనకున్న ఇబ్బంది మూఢం కిందికి పోయింది. "కరెక్టే, స్వర్ణ మంచి మాట చెప్పింది, మూఢం పోయినంక చేద్దాం" అని రాయించాడు. మిషన్‌ను మూలకు నెట్టి తెల్ల దుప్పటి కప్పారు. ఆ రోజు నుంచి ఇవాళ్టికి నలభై రెండు రోజులు.

తను అన్నది ఫంక్షన్ గురించి. మిషన్ వాడకం గురించి కాదు. రిబ్బను మూఢం పోయాక కత్తిరించుకోండి, మిషన్ ఇవాళే పెట్టుకుందాం అనే కదా దాని అర్థం. అదేనా? నిజం చెప్పు స్వర్ణలతా, పళ్ళెం పట్టుకుని అబద్ధమాడకు. ఆ క్షణాన నీకు మిషన్ లేదు, పిల్లలు లేరు, చాయ ఉంది, నలుగురిలో ఒక తెలివైన మాట అనాలన్న సరదా ఉంది. మొదటి పిల్లను పట్నం పంపాల్సి వచ్చినప్పుడు "మిషన్ విప్పుదామా సార్" అని అడిగింది, "ప్రారంభం కాకుంట వాడితే రేపు మాటొస్తది" అన్నాడు ఆయన, సరేనంది. రెండో పిల్లకు అడిగింది. మూడో పిల్లకు అడగలేదు. అడగడం మానేసిన రోజు ఏదో తనకు తెలుసు, ఆ రోజు కూడా మధ్యాహ్నం అన్నం తిన్నది. రామన్నపేటలో వాళ్ళ ఇల్లు మగ్గం ఇల్లు. మూఢంలో కొత్త పడుగు మగ్గానికి ఎక్కదు. అమావాస్య నాడు మగ్గమే ఆడదు, ఆ రోజు ఇల్లంతా చెవులు మూసుకున్నట్టు ఉండేది, చిన్నప్పుడు ఆ నిశ్శబ్దానికి నిద్ర కూడా పట్టేది కాదు. కానీ బాపు గండయ్య అమావాస్య పూట కూడా ఒకసారి మగ్గం కింది గుంతలోకి దిగేవాడు. పడుగు మీద వేళ్ళు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తడుముకుంటూ పోయేవాడు, ఎలుక కొరికిందో తేమకు తెగిందో ఒక పోగు చేతికి తగిలేది, ముడి వేసేవాడు. నాయనమ్మ వెంకటనర్సమ్మ గడపలో నుంచే కేకలేసేది, అమావాస్య పూట మగ్గం ముట్టవడితివి, పోయేకాలమా అని. బాపు తల కూడా ఎత్తేవాడు కాదు. "కొత్తది మొదలువెడ్తలేనే అమ్మా. తెగిన పోగుకు ముడేస్తున్న. తెగింది తెగినట్టే ఉంచుమని ఏ శాస్త్రంల ఉన్నది? ఒక్కటి జారితే పక్క పోగులను గుంజుకపోతది." చదువురాని మనిషికి తెలిసిన తేడా అది. నర్సింగ్ చదివి, పట్నంలో ట్రైనింగ్ అయి, బెస్ట్ నర్సు అని సర్టిఫికెట్ కూడా తీసుకున్న బిడ్డకు మీటింగులో గుర్తు రాలేదు.

"బిడ్డా." అద్దాల తలుపు సందులో నుంచి భిక్షం. పిల్లకు తాత, కట్టంగూరు మనిషి, జిన్నింగు మిల్లులో బస్తాలు మోస్తాడు. కూతురు వర్షిత ఆపరేషన్ బల్ల మీది నుంచి ఇప్పుడే బాలింతల వార్డుకు వచ్చింది, అల్లుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు, ఉన్న ఒక్క మగదిక్కూ ఇతనే. "మనుమరాలు గట్ల మూలుగుతాందేంది బిడ్డా? ఏడ్వవడితే మంచిగుండు." స్వర్ణలత ఏం చెప్పాలో తెలియక, ఊపిరికి తిప్పలవడుతాంది పెద్దయ్యా, చూస్తున్నం, అంది. చూస్తున్నమా? చూస్తూనే ఉన్నాం, ఆ మాట నిజమే. అతను పిల్ల వైపు చూశాడు, తర్వాత బంతిపూల దండ వైపు, పసుపు వైపు, కుంకుమ బొట్టు వైపు చూశాడు. చెప్పులు విప్పి పక్కకు పెట్టాడు. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, మిషన్‌కు దండం పెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. వార్డులో ఏ దేవుణ్ణి పెట్టారో అతనికి తెలియదు, ఏ దేవుడైతేనేం, బొట్టు పెట్టారంటే దండం పెట్టవలసినదే. స్వర్ణలతకు ఆ చేతులు విడదీయాలనిపించింది. అది దేవుడు కాదు పెద్దయ్యా, దాని వెనక ప్లగ్గు ఉంది, గోడకు సాకెట్టు ఉంది, మధ్య మూరెడు జాగా ఉంది, నీ మనుమరాలు ఆ మూరెడు జాగాలో పోతోంది. అనలేదు. పళ్ళెం బరువుగా ఉంది. అరటిపళ్ళ వాసన. ఎనభై నాలుగు.

పదకొండు మందిని పంపారు ఈ నలభై రెండు రోజుల్లో, 108లో, పట్నానికి. రెండు గంటల తొవ్వ, ట్రాఫిక్ లేకపోతే. ట్రాఫిక్ లేనిదెప్పుడు. నలుగురు తొవ్వలోనే పోయారు. పోయారనే మాట కూడా ఈ వార్డులో రాయరు, "రెఫర్ చేయడమైనది" అని రాస్తారు, రాశాక ఇక్కడి లెక్కలో ఆ పిల్ల బతికే ఉంటుంది. ఆ నలుగురిలో మర్రిగూడ నర్సింగమ్మ మనుమడొకడు. నర్సింగమ్మ మెడ తిరగదు, మోకాళ్ళు వంగవు, ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు ఆమెను నలభై ఏళ్ళు కొరుక్కుతిన్నాయి. అంబులెన్సు మెట్టు ఎక్కలేక ఇద్దరు పట్టుకుంటే ఎక్కింది, ఎక్కి పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది, తల వంచి చూసుకోను రాదు గనుక చేతితో తడుముతూ కూర్చుంది. చిట్యాల దాటలేదు. తడుముతున్న చేతికే తెలిసిందట. అక్కణ్ణించి వాళ్ళ ఊరికి పోయారు. ఎనిమిది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నర్సింగమ్మ బస్సెక్కి దవాఖానకు వచ్చింది. కొడుకు తోడు రాలేదు, కోడలు తోడు రాలేదు, ఆ కాళ్ళతో ఒక్కతే వచ్చింది. సంచిలో నుంచి ఆకుపచ్చ గుడ్డ తీసింది, దవాఖాన గుడ్డ, పిల్లవాణ్ణి చుట్టి ఇచ్చింది. ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చింది. "గిది మీ దవాఖానది కద బిడ్డా. మా తాన ఎందుకు. ఇంకో పిలగానికి పనికొస్తది" అంది. తిట్టలేదు. మన్ను పోయలేదు. శపించినా బాగుండేది, అప్పుడు స్వర్ణలత కూడా నాలుగు మాటలని కోపం తెచ్చుకునేది, ఇంటికి పోయి పడుకునేది. మెడ తిప్పలేని ముసలమ్మ ఒక గుడ్డ ముక్క బాకీ ఉండకూడదని ఎండలో వచ్చింది. స్వర్ణలత గుడ్డ తీసుకుని రిజిస్టరులో సంతకం పెట్టించుకుంది. వెనక మూలన తెల్ల దుప్పటి కప్పిన మిషన్ ఉంది, నర్సింగమ్మ అటు తిరగలేదు, తిరగను రాదు గనుక.

పదకొండూ నలభై ఎనిమిది వచ్చింది. గడియారం ముల్లు ఆగలేదు, గంట మోగలేదు, కొబ్బరికాయ పగలలేదు. నలభై తొమ్మిది. యాభై. పంతులు రాసిచ్చిన ముహూర్తం, మూఢం పోయాక వచ్చిన మొదటి మంచి గడియ, దానికోసమే నలభై రెండు రోజులు నిలబెట్టిన గడియ, ఎవరికీ పట్టనట్టు గోడ మీద నడిచి పోయింది. ఎనభై ఒకటి. యాభై రెండుకు మురళీమోహన్ హడావిడిగా వచ్చాడు, కొత్త చొక్కా చంకల్లో తడిసిపోయింది. "చిట్యాలల ఆగిండట స్వర్ణా. అక్కడోళ్ళు శాలువలు కప్పుతున్నరట. ఇంకో అర్ధగంట." చిట్యాలలో. స్వర్ణలత పళ్ళెం వైపు చూసి, ఆయన వైపు చూసింది. "సార్, ముహూర్తం దాటింది." ఆయన నవ్వాడు. ఇంత రంధిలోనూ నవ్వాడు. "సార్ వచ్చిందే ముహూర్తం అమ్మా." "మరి పిల్లకు ఎనబై ఒకటి చూపిస్తాంది సార్. మిషిన్ పెడ్త." నవ్వు పోయింది. "చూడు, మూఢమన్నది నువ్వే. గిన్ని దినాలు ఆగినం, అర్ధగంట ఆగలేవా? ముందే పెడితే సార్ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె? ఆక్సిజన్ పెంచు" అని, జేబులో ఫోన్ మోగితే, ఆ వచ్చిన్రా వచ్చిన్రా అంటూ పరుగు పెట్టాడు.

సార్ వచ్చిందే ముహూర్తం. ఆ మాట చెవిలో పడ్డాక స్వర్ణలతకు ఒళ్ళంతా మంటలు లేచాయి. అంటే శాస్త్రం కాదు. శాస్త్రమైతే నలభై ఎనిమిది దాటాక కొంప మునగాలి, రేపటికి వాయిదా పడాలి. నాయకుడి కోసం ముహూర్తం అరగంట జరుగుతుంది, గంట జరుగుతుంది, అవసరమైతే రేపటికి జరుగుతుంది, ఎవరికీ పాపం తగలదు. నర్సింగమ్మ మనుమడి కోసం మాత్రం ఒక్క గడియ జరగలేదు. మూఢం ఎవరికి పట్టింది? పుట్టినవాళ్ళకు పట్టింది. పుట్టేవాళ్ళు మూఢం చూసుకుని పుట్టాలి, నెలలు నిండకపోతే ఇంకాసేపు లోపలే ఉండాలి. తుడిచేస్తే తుడుచుకుపోయే మాట ఒకటి తన నోట్లో నుంచి వస్తే, ఆ మాటను వీళ్ళు దుప్పటిగా కప్పుకుని పడుకున్నారు. తనూ ఆ దుప్పటి కిందే పడుకుంది. మురళీమోహన్‌ను తిట్టుకుంది, రాని నాయకుణ్ణి తిట్టుకుంది, గేటు దగ్గర పూలు పట్టుకున్న దయాకర్‌ను తిట్టుకుంది, శాలువలు కప్పేవాళ్ళను తిట్టుకుంది, చివరికి చాయలో బిస్కెట్టు ముంచుతున్న ఆ స్వర్ణలతను పట్టుకుని తిట్టింది, అన్నిటికంటే అదే బాగా తగిలింది. ఊఁ అనడం తగ్గింది. తగ్గడం మంచిది కాదు. అలిసిపోతోంది పిల్ల.

పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, తొందరపడకుండా, రోజారమణి లెక్కన. దండ తీసి చెత్తబుట్టలో వేసింది. స్పిరిట్ దూదితో తెర మీది పసుపూ కుంకుమా తుడిచింది, ఒకటికి రెండుసార్లు, ఆ పొడి పిల్ల ముక్కులోకి పోతే ఇంకేమన్నా ఉందా. రిబ్బను ఎక్కడ కత్తిరించాలా అని చూసింది. చూసి ఆగిపోయింది. రిబ్బను దేనికీ అడ్డం లేదు. ప్లగ్గు వెనక ఉంది. గొట్టాలు పక్కపెట్టెలో ఉన్నాయి. కింద చక్రాలున్నాయి. సోకుకు కట్టిన రిబ్బను సోకుగానే ఉంది, నిన్న సాయంత్రం కట్టారు దాన్ని, అంతకు ముందు నలభై ఒక్క రోజులు అది కూడా లేదు. ఏం ఆపింది నిన్ను, ఏ తాళం, ఏ గొలుసు? రిబ్బనుతో సహా మిషన్‌ను నెట్టుకొచ్చింది, నాలుగడుగులు, ఎనిమిది క్షణాలు కూడా పట్టలేదు. ప్లగ్గు. స్విచ్చు. మిషన్‌కు అమర్చిన సీసాలో గీత దాకా నీళ్ళు. తలకు టోపీ, టోపీకి గొట్టాలు, ముడులు వేయడం ఆ వేళ్ళకు పుట్టుకతో వచ్చింది. డబ్బా తీసి ముక్కుగొట్టాలు పెట్టింది, కాస్త నొక్కి చూసింది, ముక్కు తెల్లబారలేదు, సరిపోయాయి. నోరు మెల్లగా మూసి పట్టుకుంది. సీసాలో ఏమీ లేదు. ఏమీ లేదు. మళ్ళీ గొట్టం సర్దింది. అప్పుడు ఒక బుడగ వచ్చింది, తర్వాత నాలుగు, తర్వాత సీసా నిండా బుడబుడమని.

ఎనభై ఒకటి, ఎనభై ఒకటి, ఎనభై మూడు. ఆమె అంకె మీది నుంచి కళ్ళు తీసి పిల్ల పక్కటెముకల మీద పెట్టింది, అంకె కంటే అవే ముందు చెప్తాయి. ఎనభై ఏడు. లోపలికి పోతున్న చర్మం కొంచెం తక్కువ పోయింది. తొంభై. పాదం నీలం నుంచి గులాబీకి మారింది, ఈ మార్పు ఎన్నిసార్లు చూసినా మొదటిసారే అనిపిస్తుంది. మూలుగు ఆగిపోయింది. అద్దం అవతలి నుంచి భిక్షం, "మూలుగు ఆగింది, బిడ్డా" అన్నాడు, ఆ ఆగడానికి ఆయన చెప్పుకున్న అర్థం వేరు. "ఊపిరాడుతాంది పెద్దయ్యా. ఆడుతాంది గనుకనే ఆగింది. పోయి నీ బిడ్డకు చెప్పు" అంది. ఆయన చెప్పులు తొడుక్కోకుండానే పోయాడు. తొంభై రెండు. స్వర్ణలత స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంత సులువు. పాపిష్టిదానా, ఇంత సులువు.

పన్నెండున్నరకు డప్పులు వినపడ్డాయి. ఆ తర్వాత చెప్పులు, బూట్లు, ఇరవై మంది, చెప్పులతో రావద్దని తలుపు మీద రాసి ఉన్న గదిలోకి. నాయకుడు పెద్ద మనిషి, తెల్ల బట్టలు, అలసిన ముఖం, భుజాల మీద శాలువలు ఇంకా ఉన్నాయి. చెడ్డవాడిలా కూడా లేడు. వెనకాల దయాకర్, పూలగుచ్ఛం లేదు ఇప్పుడు, మిషన్ చోటు మారడం ఆయనకు ముందే కనపడింది, పిల్ల వైపు చూసి తల దించుకున్నాడు. మురళీమోహన్‌కు కూడా కనపడింది, మింగలేక కక్కలేక నవ్వాడు, రిబ్బను చెక్కుచెదరకుండా ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరో గట్టు మీది కత్తెర అందించారు. రిబ్బను తెగింది. చప్పట్లు కొట్టారు, పిల్ల ఉలిక్కిపడి చేతులు విదిల్చింది, బుడగలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చాయి. ఫొటోలు తీశారు. "ఏడ ఒత్తాలె?" అని అడిగాడు నాయకుడు, చెయ్యి ఎత్తి, కెమెరాల వైపు ముఖం పెట్టి. మురళీమోహన్ వంగి స్వర్ణలత చెవిలో చెప్పాడు. "ఒక్కసారి ఆఫ్ చెయ్ స్వర్ణా. సార్ ఆన్ చేస్తడు. రెండు సెకండ్లే."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషన్‌కూ వాళ్ళకూ మధ్య నిలబడింది. "చెయ్య సార్" అంది. ఆయన పళ్ళ మధ్య నుంచి, "మూఢమని ఆపింది నువ్వే, ఇప్పుడు..." అన్నాడు.

"అవ్ సార్, నేనే" అంది స్వర్ణలత, ఇక చెవిలో కాదు, గదిలో అందరికీ వినపడేట్టు. అని నాయకుడి వైపు తిరిగింది. "సారూ, గీ మిషిన్ను మూలకు వెట్టి నలబై రెండు దినాలాయె. మూఢమని నేను అన్న, వీళ్ళు విన్నరు. పదకొండు మంది పిల్లలను పట్నం తోలినం. నలుగురు తొవ్వలనే పోయిన్రు. ఈ పిల్ల ఇంతకు ముందు పోతుండె, ఇప్పుడు ఊపిరి తీస్తాంది. మీరు సురువు చేసినట్టు కనవడాలంటే దీన్ని ఆపాలె. నేను ఆప. మీరు ఆపుతరా సారూ? స్విచ్చి గీడున్నది."

డప్పులు బయట ఇంకా మోగుతున్నాయి. గదిలో సీసా బుడబుడమంటూనే ఉంది. నాయకుడు స్విచ్చు వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. కెమెరా కోసం ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.